చెరువులో పోస్తున్నది ఎంజైమేనా?

నారింజ, నిమ్మ తొక్కలను బెల్లం నీళ్లలో మూడు నెలలు పులియబెట్టిన ద్రవానికి ‘బయో ఎంజైమ్’ అని పేరు. ఒక పాలు బెల్లం, మూడు పాళ్లు తొక్కలు, పది పాళ్లు నీళ్లు అన్నది అందరూ చెప్పే కొలత. వంటింటి చెత్తను తగ్గించే ఈ అలవాటు మంచిదే. కానీ మురికి చెరువులో పోస్తే నీరు శుభ్రపడుతుందన్న ప్రచారాన్ని గట్టిగా ప్రశ్నించాలి. ముందు ఎంజైమ్ చేసే పనేమిటో చూద్దాం.

ఏ రసాయన చర్య మొదలవడానికైనా కొంత శక్తి అవసరం. దాన్ని ఉత్తేజన శక్తి అంటారు. కొండ దాటాల్సిన బాటసారికి తక్కువ ఎత్తున్న కనుమ దారి దొరికినట్టు, ఎంజైమ్ ఆ శక్తి అవసరాన్ని తగ్గిస్తుంది. చర్య జరపాల్సిన అణువు ఎంజైమ్‌లోని క్రియాశీల స్థానంలో ఇమడగానే దాని బంధాలు తేలిగ్గా మారతాయి. పని ముగిశాక ఎంజైమ్ ఖర్చు కాకుండా మిగిలి, మరో అణువును అందుకుంటుంది. మన కాలేయంలోని కెటలేజ్ అణువు ఒక్కటే సెకనుకు లక్షల హైడ్రోజన్ పెరాక్సైడ్ అణువులను విడగొట్టగలదు.

అయితే ఈ వేగానికి హద్దులున్నాయి. లాలాజలంలోని ఎమైలేజ్ పిండిపదార్థాన్ని విడగొడుతుంది, నూనె జోలికి పోదు. పెప్సిన్ జీర్ణాశయపు ఆమ్లంలో పనిచేస్తుంది, క్షార మాధ్యమంలో చేయదు. సీసం, పాదరసం వంటి మూలకాలను ఏ ఎంజైమూ నాశనం చేయలేదు. అంటే అన్ని మలినాలకూ పనికొచ్చే ఎంజైమ్ అంటూ ఏదీ లేదు.

మరి ఆ సీసాలో ఉన్నదేమిటి? సూక్ష్మజీవులు బెల్లంలోని చక్కెరను ఆల్కహాలుగా, తర్వాత ఎసిటిక్ ఆమ్లంగా మారుస్తాయి. నేల మీద మరకలు వదలడానికి ప్రధాన కారణం ఈ ఆమ్లమే. కొద్దిపాటి ఎంజైమ్‌లు ఉన్నా, చెరువంత నీటిలో అవి పలచబడిపోతాయి. మిగిలిన చక్కెరలు, ఆమ్లాలు మాత్రం బాక్టీరియాకు ఆహారమవుతాయి. వాటిని తినే క్రమంలో బాక్టీరియా నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను వాడేస్తుంది. మురుగుతో ఇప్పటికే ఆక్సిజన్ తగ్గిన చెరువులో చేపలకు ఇది అదనపు ముప్పు.

వాసన తగ్గిందన్న మాట రుజువు కాదు. పోయకముందు, పోసిన తర్వాత కరిగిన ఆక్సిజన్‌ను, జీవరసాయన ఆక్సిజన్ అవసరాన్ని కొలవాలి. ద్రవం పోయని మరో చెరువుతో పోల్చాలి. ఆ లెక్కలు చూడకుండా స్థానిక సంస్థలు దీనికి అనుమతి ఇవ్వకూడదు. చెరువు మీద ప్రేమతో ముందుకొచ్చే యువత శ్రమ, చెరువులోకి మురుగు రాకుండా ఆపే పనికి మళ్లితే ఫలితం నిలుస్తుంది. ఆ ద్రవాన్ని ఇంటి నేల తుడవడానికి వాడుకోవచ్చు.