జ్వరానికి నీరే కారణమా? నాలుగు గళ్ల లెక్కతో తేల్చాలి

తడ: వానలు పడి పల్లెల్లో జ్వరాలు మొదలుకాగానే "ట్యాంకు నీరు తాగినవారికే జ్వరాలు" అన్న మాట పుట్టడం, జనం పంచాయతీ ఆఫీసుకు పోవడం మామూలే. ఆ మాటలో నిజమెంతో తేల్చడానికి రోగులను మాత్రం లెక్కిస్తే చాలదు.

ఉదాహరణకు ఒక పల్లెలో 45 మందికి జ్వరం వచ్చిందనుకుందాం. వారిలో 30 మంది ట్యాంకు నీరు, 15 మంది చేతిపంపు నీరు తాగేవారు. తప్పు ట్యాంకుదేనని ఎవరికైనా తోస్తుంది. అయితే జ్వరం రానివారిని కూడా లెక్కించగా ట్యాంకు వైపు 70 మంది, పంపు వైపు 35 మంది తేలారనుకోండి. అప్పుడు ట్యాంకు నీరు తాగే 100 మందిలో 30, పంపు నీరు తాగే 50 మందిలో 15. రెండు వైపులా నూటికి 30 మందే. ఏ నీరు తాగారన్నదానికీ, జ్వరానికీ సంబంధం కనబడలేదన్న మాట. పంపు వైపు ముగ్గురే జ్వరపడి ఉంటే ట్యాంకును అనుమానించవలసిందే. చిన్న తేడా కాకతాళీయంగానూ రావచ్చు. దానిని తేల్చే 'కై వర్గ పరీక్ష'ను కార్ల్ పియర్సన్ 1900లో చూపించాడు.

ఈ లెక్క విలువ మన పొరుగునే రుజువైంది. తడ సరిహద్దు దాటితే వచ్చే తిరువళ్లూరు జిల్లా ఒకప్పుడు చెంగల్పట్టు జిల్లాలో భాగం. ఆ చెంగల్పట్టు జిల్లాలో 1968లో క్షయ నివారణకు బి.సి.జి. టీకాపై పెద్ద పరీక్ష మొదలైంది. రెండున్నర లక్షల మందికి పైగా జనంలో కొందరికి టీకా, కొందరికి మందులేని సూది వేశారు. ఎవరికి ఏదన్నది చీటీ తీసినట్లు నిర్ణయించారు. టీకా పడినవారిలో చాలామందికి క్షయ రాలేదు. కాని పడనివారిలోనూ చాలామందికి రాలేదు! పెద్దలలో ఊపిరితిత్తుల క్షయను టీకా ఆపలేదని 1979లో తేలింది. పసిపిల్లలకు మెదడు క్షయ వంటి ప్రమాదాల నుండి ఈ టీకా రక్షణ ఇస్తుంది గనుక పుట్టగానే వేయించడం మానరాదు.

మరొక జాగ్రత్త. సంబంధం కనబడినంత మాత్రాన అదే కారణం కాదు. ట్యాంకు వాడే ఇళ్లే మురుగు కాలువ పక్కన ఉంటే, తప్పు దోమలది కావచ్చు. ట్యాంకును తిట్టి ఊరుకుంటే జ్వరాలు ఆగవు.

కాబట్టి ఈసారి అర్జీ పెట్టే ముందు ఆశా కార్యకర్తతో కలిసి ఇంటింటికీ తిరిగి, జ్వరం లేనివారినీ రాసుకోవడం మంచిది. నాలుగు గళ్లూ నిండిన కాగితాన్ని అధికారులు తోసిపుచ్చడం కష్టం.