పచ్చిబాలింతకు గ్లాసెడు నీళ్ళు

మొన్న సంక్రాంతికి గుడివాడ వెళ్ళినప్పుడు మా పెదనాన్నగారి కూతురి ఇంటికి వెళ్ళాను. అక్క కూతురికి తొలికాన్పు. కడుపు కోసి బిడ్డను తీసి అప్పటికి తొమ్మిది రోజులు. కిటికీలన్నీ బిగించిన గదిలో, చెవుల్లో దూది పెట్టుకుని, తలకు పాత పంచె చుట్టుకుని, గోడవైపు తిరిగి పడుకుని ఉంది. బిడ్డ ఎవరి పోలిక అన్న చర్చ అయ్యాక, అందరూ వంటింట్లోకి వెళ్ళారని చూసుకుని, ఆ పిల్ల నన్ను దగ్గరకు పిలిచి గొంతు తగ్గించి అడిగింది: "పిన్నీ, కాసిని మంచినీళ్ళు ఇస్తావా?"

దొంగతనంగా అడగవలసిన వస్తువా అది? నీళ్ళు తాగితే పొట్ట పెరుగుతుందని, ఒళ్ళు నీరు పడుతుందని ఆ ఇంట్లో భయం. అన్నం తిన్నాక మాత్రం ఒక చిన్న గ్లాసుడు, అదీ శొంఠి వేసి కాచినవి. నేను నిండుగా గ్లాసెడు నీళ్ళు తెచ్చి ఇస్తుంటే మా పెద్దమ్మ చూడనే చూసింది. "చదువుకున్నదానివి, నువ్వు కూడానా తల్లీ! పచ్చి ఒళ్ళమ్మా దానిది" అంది. ఆవిడకు ఎనభై రెండేళ్ళు. ఆవిడతో వాదించలేదు. ఇంటికి వచ్చాక ఈ నాలుగు మాటలూ రాయాలనిపించింది.

బిడ్డకు పాలిచ్చే తల్లి రోజుకు ముప్పావు లీటరు దాకా పాలు ఇస్తుంది. అందులో నూటికి ఎనభై ఏడు వంతులకు పైగా నీరే. ఆ నీరు ఎక్కడినుంచి రావాలి? మొదటి ఆరు నెలలూ ఆమెకు మామూలు తిండి మీద మరో ఆరు వందల కిలోకేలరీలు అదనంగా కావాలని మన దేశపు వైద్య పరిశోధనా మండలి చెబుతున్నది. మా ఇళ్ళలోనేమో ఆమెకు దొరికేది బీరకాయ, పొట్లకాయ, వెల్లుల్లి కారప్పొడి, నెయ్యి. ఇవి చెడ్డవని అనను. కారప్పొడీ నేతితో మొదటి ముద్ద తిన్న బాలింత ముఖం చూసినవారెవరూ ఆ మాట అనలేరు. కానీ పప్పు మాత్రం కూడదు. పప్పు తింటే కుట్లు చీము పడతాయట. చీము క్రిముల వల్ల పడుతుంది, కందిపప్పు వల్ల కాదు. కోసిన కండ అతుక్కోవడానికి మాంసకృత్తులు కావాలి. శాకాహారపు ఇంట్లో పప్పు కూడా మానిపించాక అవి ఎక్కడినుంచి వస్తాయో పెద్దలు చెప్పరు. నీళ్ళు లేక, పీచు లేక మలబద్ధకం పట్టుకుంటుంది. కుట్లున్న మనిషికి అది ఎంత నరకమో ఎవరికి వారే తెలుసుకోవాలి, ఎందుకంటే ఈ విషయం మనం నలుగురిలో మాట్లాడుకోము.

ఈ లెక్కన బెస్తవారి ఇళ్ళే నయం. బందరు దగ్గర గిలకలదిండి రేవులోనూ, నాగాయలంక ప్రాంతంలోనూ బాలింతకు పాలు పడాలని సొరచేప వండి పెట్టడం నేనెరుగుదును. చేపలో ఏ మహిమ ఉన్నా లేకపోయినా, అది మంచి తిండి.

ఇంతవరకూ చదివి, ఇది పాతకాలపు ఆచారాలను వెక్కిరించే రాత అనుకుంటారేమో. కాదు. నా ఫిర్యాదు వేరు. ఆ ఆచారాలలో ఉండవలసిన ఒక్క ముక్కనూ పోగొట్టుకుని, పోవలసినవాటిని భద్రంగా దాచుకున్నామన్నదే నా ఫిర్యాదు.

ఆ ఒక్క ముక్క విశ్రాంతి. కాన్పు అయిన వెంటనే గర్భసంచి బొడ్డు దగ్గర గట్టిగా చేతికి తగులుతుంది. కిలో బరువుంటుంది. రోజుకు సుమారు ఒక వేలి మందం చొప్పున కిందికి దిగుతూ, పది పన్నెండు రోజులకు పైనుంచి చేతికి అందకుండా కటిలోకి వెళ్ళిపోతుంది. మనవాళ్ళు పదకొండో రోజున పురుడు చేయడం యాదృచ్ఛికమో, తరతరాల మంత్రసానుల చేతి అనుభవమో నేను చెప్పలేను. ఆరు వారాలకు అది నూరు గ్రాముల లోపుకు తగ్గుతుంది. ఎర్రబట్ట, ఆపై తెల్లబట్ట ఆగడానికీ ఇంచుమించు అంతే కాలం. ఆయుర్వేదం సూతికాకాలాన్ని నెలన్నర అన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆరు వారాలనే లెక్క పెట్టుకుని, 2022లో ఇచ్చిన మార్గదర్శకాలలో, కాన్పు తర్వాత కనీసం ఇరవై నాలుగు గంటలు ఆసుపత్రిలో ఉంచాలనీ, ఆ తర్వాత రెండు మూడు రోజులకు, ఒకటి రెండు వారాల మధ్య, ఆరో వారంలో తల్లినీ బిడ్డనూ మళ్ళీ మళ్ళీ చూడాలనీ చెప్పింది. పాతవారూ కొత్తవారూ ఇంత చక్కగా ఒక్క లెక్కకు వచ్చిన విషయాలు తక్కువ.

అయితే మన ఇళ్ళలో ఆ విశ్రాంతి ఎలా వచ్చిందో కూడా ఒప్పుకోవాలి. దయ వల్ల రాలేదు. మైల వల్ల వచ్చింది. పురిటి మనిషి అంటరానిది కనుక వంటింట్లోకి రాకూడదు, నూతి దగ్గరకు పోకూడదు. ఇరవయ్యొకటో రోజున నూతిలో చేద వేయించేదాకా నీళ్ళు తోడే పని ఆమెది కాదు. ఆ అంటు చాటున, పుట్టింటి చూరు కింద, ఆమె నడుము వాల్చింది. ఇప్పుడు అపార్టుమెంట్లు వచ్చాయి, మైల పలచబడింది. సంతోషమే. కానీ మైలతోపాటు విశ్రాంతినీ తుడిచేశాము. బందరులో ఒక ఇంట్లో నుయ్యి లేక కుళాయికే పసుపు రాసి, బొట్టు పెట్టి, బిందె పట్టించడం చూశాను. ముచ్చటగానే ఉంది. అయితే ఆ అమ్మాయి అప్పటికి పది రోజుల ముందునుంచే ఆ కుళాయి కింద గిన్నెలు తోముతున్నది! తంతు మాత్రం ఇరవయ్యొకటో రోజున జరిగింది.

పైగా ఈనాటి బాలింత ఆనాటి బాలింత కాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో కాన్పులలో 42.4 శాతం కోత కాన్పులు. దేశం మొత్తానికి ఆ సంఖ్య 21.5. అదే సర్వేలో మన రాష్ట్రపు ఆడవారిలో 58.8 శాతం మందికి రక్తహీనత. అంటే నూటికి నలభై మందికి పైగా, చాలామంది రక్తం చాలని ఒంటితోనే, పొట్ట మీద పెద్ద శస్త్రచికిత్స చేయించుకుని ఇంటికి వస్తున్నారు. పేగు మీదనో మూత్రపిండం మీదనో అంతటి ఆపరేషన్ జరిగిన మగవాడికి నెల రోజులు మంచం దిగనివ్వము. ఇక్కడ ఆపరేషన్ అయిన గంటల్లోనే మరో ప్రాణిని చేతిలో పెట్టి, రెండు గంటలకొకసారి లేవమంటాము.

ఆసుపత్రివారు ఇచ్చిన కాగితం మా అక్క నాకు చూపింది. ఆసుపత్రి పేరు అక్కరలేదు, అన్నిచోట్లా ఇంతే. బిడ్డ టీకాల తేదీలు, మాత్రల పేర్లు, కుట్లు చూపించుకోవడానికి రావలసిన రోజు ఉన్నాయి. బిడ్డకన్న బరువైనదేదీ ఆరు వారాలు ఎత్తవద్దని లేదు. జ్వరం వచ్చినా, రక్తస్రావం ఒక్కసారిగా ఎక్కువైనా, దుర్వాసన వచ్చినా, ఒక పిక్క వాచి నొప్పి పెట్టినా, తలనొప్పితో కళ్ళు మసకబారినా ఆ రాత్రికి రాత్రే పరుగెత్తి రావాలని లేదు. గుర్రపువాతం అనుకునే ఫిట్స్ కాన్పు తర్వాత కూడా రావచ్చునని ఎంతమందికి తెలుసు? విజయవాడలో వైద్యం చేసిన డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబగారు, 1957లో అక్కడినుంచే లోక్‌సభకు ఎన్నికైనావిడ, ప్రసూతి, శిశుపోషణల గురించి తెలుగులో పుస్తకం రాశారు. ఇన్నేళ్ళ తర్వాత మనకు తెలుగులో ఒక్క పేజీ కరువైంది.

ఆశా కార్యకర్తలు కాన్పు తర్వాత ఇంటికి వచ్చి చూడాలన్న నియమం 2011 నుంచి ఉంది. నలభై రెండో రోజు దాకా ఆరుసార్లు. పథకం పేరే నవజాత శిశువుది. బిడ్డ బరువు చూస్తారు, ఒళ్ళు వెచ్చగా ఉందో లేదో చూస్తారు. తల్లిని కూడా అడగమనే వారికి నేర్పారు. కానీ అత్తగారు పక్కన నిలుచుని ఉండగా "అంతా బాగానే ఉంది" అనక ఆ పిల్ల ఇంకేమంటుంది?

ఇక దివిసీమకు వస్తాను. ఇక్కడ నెలన్నర అనే మాటకే అర్థం మారిపోతుంది. అవనిగడ్డ, కోడూరు వైపు ఊడ్పుల రోజుల్లో బిడ్డను గట్టు మీద చీర ఉయ్యాలలో పడుకోబెట్టి నడుము వంచిన తల్లులను చూశాను. రెండు నెలలు నిండని బిడ్డలు. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి ఇరవై ఆరు వారాల సెలవు చేశారు. అది నెలజీతం ఉన్నవారికి. బురదలో నిలబడ్డ మనిషికి సెలవు ఇచ్చే యజమాని ఎవరు? ఎదురుమొండి దీవిలో ఉన్న బాలింతకు జ్వరం వస్తే ముందు ఏటిమొగ రేవుకు పంటు మీద కృష్ణ దాటాలి. వంతెన అక్కడివారు దశాబ్దాలుగా అడుగుతున్నదే. 2023లో బందరులో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది, మంచిదే. రేవు దాటాక సంగతి అది.

చాలా ఏళ్ళ క్రితం నాగాయలంక దగ్గర ఒక ముసలమ్మతో మాట్లాడాను. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన సమయానికి ఆమె పదమూడు రోజుల బాలింత. తుమ్మచెట్టు పట్టుకుని తెల్లవారేదాకా ఉంది. బిడ్డ దక్కలేదు, పురుడు పోస్తున్న తల్లి దక్కలేదు. వేలమంది పోయిన ఆ ఉప్పెన గురించి ఎన్నో రాతలు చదివాను కానీ, ఆమె చెప్పిన సంగతి ఎక్కడా చదవలేదు. తాగే బిడ్డ లేక పాలు చేపుకొచ్చి రొమ్ములు రాళ్ళలా గట్టిపడి, చలి జ్వరం కమ్మితే, ఎవరో ఊరూ పేరూ తెలియని ఆడమనిషి కూర్చోబెట్టి పిండి పారబోసిందట. ఆ తర్వాత అన్నం పొట్లాల వరుసలో నిలబడిందట. "నాకు పథ్యం పెట్టినవాళ్ళెవరూ లేరమ్మా. నడుం నెప్పి అప్పటిదే" అంది. అంతే చెప్పింది. పథ్యాన్ని ఎగతాళి చేయబోయినప్పుడల్లా నాకు ఆమె మాట అడ్డం వస్తుంది. ఆమె దృష్టిలో పథ్యమంటే కారప్పొడి కాదు, పెట్టే మనిషి.

ఏడుపు సంగతి కూడా ఒక మాట. కాన్పు అయిన మూడు నాలుగు రోజులకు కారణం లేకుండా కన్నీళ్ళు రావడం చాలామందికి మామూలు, రెండు వారాల్లో సర్దుకుంటుంది. సర్దుకోకపోతే అది జబ్బు, దానికి వైద్యం ఉంది. "ఆడపిల్ల పుట్టిందని ఏడుస్తోంది" అనీ, "గాలి సోకింది" అనీ తేల్చేయడం దుర్మార్గం. మా అక్క అల్లుడు వారానికొకసారి వచ్చి బిడ్డను చూసి, భోంచేసి వెళుతున్నాడు. మంచివాడే. రాత్రి ఒక్కసారి బిడ్డను ఎత్తుకుని తిరిగితే భార్య రెండు గంటలు కునుకు తీస్తుందని అతనికి ఎవరూ చెప్పలేదు. నేను చెప్పి వచ్చాను. ఎలా పుచ్చుకున్నాడో తెలియదు.

బయలుదేరే ముందు పెద్దమ్మ దగ్గర కూర్చుని, గొడవ పడకుండా, "కాచి చల్లార్చినవే ఒక చెంబుతో మంచం పక్కన పెట్టించు పెద్దమ్మా" అని అడిగాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. వత్తులు చేసుకుంటూ ఉంది. ఆ తర్వాత తలెత్తకుండానే అంది: "మా రోజుల్లో చుక్క ఇచ్చేవారు కాదే. రెండో కాన్పప్పుడు నేనేం చేశానో తెలుసా? స్నానానికి కూర్చోబెట్టి, మా అత్తగారు సాంబ్రాణి తేవడానికి అటు వెళ్ళగానే, గంగాళంలో వావిలాకు నీళ్ళే దోసిళ్ళతో తాగేశాను. చేదు విషం."