జవాను సెలవు, కోర్టు వాయిదా

సైనికుల కాపురాల గురించి మన మీడియాకు తెలిసినవి రెండే. జవాను చెప్పాపెట్టకుండా గుమ్మంలో దిగి ఇంటిల్లిపాదినీ ఏడిపించే వీడియో ఒకటి. వివాహేతర సంబంధాలపై సైన్యం తన చట్టం కింద చర్య తీసుకోవచ్చని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇచ్చిన స్పష్టత రెండోది. ఆ రోజు చర్చంతా అనుమానం చుట్టూనే తిరిగింది. తిరిగొచ్చినవాడు, ఇన్నాళ్లూ ఇల్లు నడిపినామె మళ్లీ ఎలా కలిసి బతకాలన్న ఊసే రాలేదు.

అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఫీల్డ్ పోస్టింగ్‌కు కుటుంబాన్ని తీసుకెళ్లే వీలుండదు. బ్యాంకు, కౌలు, పిల్లల ఫీజులు, అత్తగారి మందులు అన్నీ ఆమెవే. సెలవుకొచ్చినాయన పాస్‌బుక్ తిరగేసి 'ఇదెందుకు తీశావ్?' అంటాడు. రోజూ ఫోన్లో నాన్నా అని పిలిచే పిల్ల, ఎదురుపడితే అమ్మ కొంగు చాటుకు పోతుంది. పశ్చిమ గోదావరి మాధవరం లాంటి సైనికుల ఊళ్లకు ఇది కొత్త కాదు. కొన్నాళ్లు కలిసి ఉంటే సర్దుకునేవే ఇవి. ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవులో ఆ కొన్నాళ్లు దొరకడమే కష్టం.

తగవు కోర్టుకెక్కితే ఆ సెలవు వాయిదాలకే సరిపోతుంది. 1950 ఆర్మీ చట్టం 32వ సెక్షన్ దీన్ని ముందే ఊహించింది. కేసు కోసం సెలవు పెట్టినట్లు సైనికాధికారి ఇచ్చిన ధ్రువపత్రం చూపి జవాను కోరితే, కోర్టు వీలైనంతవరకు ఆ సెలవులోపే విచారణ ముగించాలి. కుదరకపోతే కారణాలు రాసిపెట్టాలి. అడిగితే నకలు ఉచితంగా ఇవ్వాలి. 'వీలైనంతవరకు' అన్న మాటను వాయిదాకు సాకుగా వాడకూడదనే ఈ ఏర్పాటు అని నా అభిప్రాయం.

ఇంకో అడుగు ముందుకు వేస్తాను. సెక్షన్‌లో ఉన్నది దావా ఒక్కటే కాదు, 'ఇతర ప్రొసీడింగు' కూడా. రాజీకి ప్రయత్నించడం కోర్టు విధి అని 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం 9వ సెక్షన్ చెబుతోంది. రెండూ కలిపి చదివితే, దంపతులను కూర్చోబెట్టి మాట్లాడించాల్సింది కూడా ఆ సెలవులోనే. విడాకుల తీర్పుకు తొందర ఉండి, రాజీకి లేకపోతే ఆ సెక్షన్‌కు అర్థమేముంది?

లోపం లేకపోలేదు. ఈ వెసులుబాటు కోరే హక్కు జవానుకే ఉంది, భార్యకు లేదు. పార్లమెంటు దాన్ని సవరించాలి.

అందాకా వకీళ్లకు ఒక మాట. సెలవు మంజూరు కానక్కర్లేదు, దరఖాస్తు చేసినా ధ్రువపత్రం చెల్లుతుంది. మీ క్లయింటు రైలెక్కకముందే దాన్ని దాఖలు చేయండి.