భూగర్భ రైలు కూడలి – పైనున్నవారి లెక్క

భూగర్భ రైలు కూడలి అనగానే మన విద్యార్థుల కన్నులకు కదిలే మెట్లు, నునుపురాతి నేలలు, నిమిషాల లెక్కన వచ్చిపోయే బండ్లు కనిపిస్తాయి. అవి ఉండవలసినవే. కాని అటువంటి కూడలికి స్థలం నిర్ణయించేటప్పుడు ఎవరి లెక్కలోనికీ రానివారు కొందరుంటారు. కలకత్తా ఎస్ప్లనేడు కథ చూస్తే నా మాట బోధపడుతుంది.

మన దేశపు మొట్టమొదటి భూగర్భ రైలు 1984 అక్టోబరు 24న ఎస్ప్లనేడు, భవానీపూరుల మధ్యనే నడిచింది. ఆనాడు వీథిని పైనుండి త్రవ్వి, ఇరుప్రక్కల కాంక్రీటు గోడలు దించి, పెట్టెవలె కట్టి, కప్పు వేసి, మట్టి పూడ్చారు. మెత్తని ఒండ్రునేల అది. ఆ పనుల తాకిడికి, 1842లో టిప్పు సుల్తాను కుమారుడు గులాం మహమ్మదు అక్కడ కట్టించిన మసీదు సైతం దెబ్బతిన్నది. చెడిన భాగాన్ని పడగొట్టి మరల కట్టవలసివచ్చింది.

తరువాత హుగ్లీ నది అడుగుగా హౌరాను, సియాల్దాను కలిపే తూర్పు పడమర మార్గాన్ని తలపెట్టారు. మొదటి ప్రణాళికలో ఇది పాత మార్గాన్ని కలిసే చోటు సెంట్రల్ స్టేషను. భూసేకరణ చిక్కులవల్ల దానిని ఎస్ప్లనేడుకు మళ్ళించారు. ప్రయాణికుని దృష్టితో చూస్తే ఆ మార్పు మేలే అంటాను. బస్సులు, బజార్లు అన్నీ అక్కడే ఉన్నాయి. దిగినవాడు మరొక బండి కోసం ఊరంతా తిరగనక్కరలేదు. అయితే కాగితం మీద గీత వంగితే నేలక్రింద సొరంగమూ వంగుతుంది. అది బౌబజారు ఇరుకు సందులలోని పాత ఇండ్ల క్రిందుగా పోయింది.

2019 ఆగస్టు 31న సొరంగం తొలిచే యంత్రం నీటిపొరను తాకింది. నీటితోపాటు మట్టి లోపలికి కొట్టుకువచ్చింది. పైన పునాదులు క్రుంగాయి, గోడలు బీటలు వారాయి, కొన్ని ఇండ్లు కూలిపోయాయి. వందలమంది ఉన్నపళంగా ఇల్లు విడిచి హోటళ్ళలో తలదాచుకున్నారు. 2022 మే నెలలోను, అక్టోబరులోను మళ్ళీ పగుళ్ళు కనిపించాయి. చివరకు 2025 ఆగస్టులో ఎస్ప్లనేడు, సియాల్దాల మధ్య రైలు నడిచింది.

ఇంజనీర్లను నిందించడం నా ఉద్దేశం కాదు. నేను పద్యాలు చెప్పుకొని బ్రతికేవాణ్ణి, మట్టిపొరల సంగతి నాకేమి తెలుసు? అయినా ఒక మాట గట్టిగా చెప్పగలను. అంచనా పట్టికలో సిమెంటుకు, ఉక్కుకు గడులున్నట్లే, పైనున్న ప్రతి ఇంటి పునాదిని ముందే పరీక్షించడానికి, ఇల్లు పోతే ఎవరికెంత, ఎన్నాళ్ళలో ఇవ్వాలో చెప్పడానికి కూడ గడులుండాలి. ఇంటి యజమానికైనా దస్తావేజు ఉంటుంది. బౌబజారు నగల దుకాణాలకు పేరు. అక్కడ ఒక అద్దెగదిలో కొలిమి పెట్టుకున్న కంసాలికి ఏ కాగితముంటుంది? అతని పనిముట్ల వెల, కొలిమి ఆరిన దినాల కూలి, మరొకచోట గదికి అద్దె, ఇవన్నీ యంత్రం నేలలోకి దిగకముందే వ్రాసిపెట్టాలి.