హద్దు గీసిందెవరు?

బ్యాంకులో ముక్త్యారునామా చేతికొస్తే సంతకం తర్వాత నేను చూసేది హద్దు. డబ్బు తీయడం వరకేనా, అప్పు కూడా చేయవచ్చునా?

అమెరికాలో ఇండియానా రాష్ట్రం 2013లో ఇలాంటి హద్దే చట్టంగా చేసింది. రాజ్యాంగ సవరణ సభ జరిగితే, అప్పగించిన విషయం దాటి ప్రతినిధి వేసే ఓటు చెల్లదు. తెలిసీ దాటితే నేరం. (34 రాష్ట్రాలు కోరాలి. అలాంటి సభ ఇంతవరకు ఒక్కటీ జరగలేదు!)

మరి మన పావగడ? అప్పట్లో మైసూరు సంస్థానం. పది లక్షల జనానికి ఒకరి లెక్కన భారత రాజ్యాంగ సభకు మైసూరు నుంచి ఏడుగురు. వారిలో కోలారు ప్రాంతపు కె.సి. రెడ్డి గారొకరు. మన పెద్దల ఓటు వారికి నేరుగా పడలేదు. హద్దు రాసుకున్నది మహారాజా వారే. 1947 విలీన పత్రంలో రక్షణ, విదేశాంగం, రవాణా-తంతి తపాలా మాత్రమే అప్పగించి, రాబోయే రాజ్యాంగానికి తాము కట్టుబడి లేమన్నారు. 1949 నవంబరు 25న ప్రకటన చేసి ఒప్పుకున్నారు.

ఇప్పుడు సవరణకు సభ లేదు. కేంద్ర, రాష్ట్ర అధికారాలను తాకితే సగం శాసనసభలు ఒప్పుకోవాలి. 2016లో జీఎస్టీకి అలాగే జరిగింది. మన ఎమ్మెల్యే గారికి హద్దు గీసేది మాత్రం పార్టీ విప్. 1985 నుంచి దాన్ని ధిక్కరిస్తే పదవే పోవచ్చు.