పాట పాడే ముందు బండి చూడండి

జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్లు తయారవుతున్నా, పక్కనున్న న్యాల్‌కల్‌లో కొత్తది కొనే స్తోమత అందరికీ ఉండదు. అందుకే ఫైనాన్స్ సంస్థలు జప్తు చేసిన బండ్ల ఆన్‌లైన్ వేలం కుర్రాళ్లను లాగుతోంది. సగం ధరకే వస్తోందని తొందరపడకండి. ఫొటోలో రంగు కనిపిస్తుంది గానీ ఇంజిన్ చప్పుడు వినిపించదు. ఈ వేలాలు చాలావరకు ‘ఉన్నది ఉన్నట్టుగా’ షరతు మీదే సాగుతాయి. తెచ్చుకున్నాక గేర్‌బాక్స్ పోయిందంటే వినేవారుండరు. తెలిసిన మెకానిక్‌ను వెంటబెట్టుకుని యార్డుకు వెళ్లండి. ఒకరోజు కూలీ పోతే పోనివ్వండి.

బీదర్ పొరుగునే కాబట్టి కేఏ నంబరు బండ్లూ కంటపడతాయి. వాటిని తెలంగాణకు మార్చాలంటే అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 కింద ఎన్‌వోసీ కావాలి. బీమా, చలాన్లు ఎంపరివాహన్ యాప్‌లో చూడొచ్చు. వేలం రుసుము, యార్డు కిరాయి, రవాణా ఖర్చు కలిపాకే మీ గరిష్ఠ ధర కాగితం మీద రాసుకోండి. చివరి నిమిషంలో ఎవరో వెయ్యి పెంచితే రోషం వస్తుంది. ఆ రోషానికి వాయిదాలు కట్టాల్సింది మీరే!

గెలిచాక వద్దంటే ధరావతు పోతుంది. సర్ఫేసీ చట్టం కింద బ్యాంకులు అమ్మే ఇళ్లు, స్థలాల విషయంలో మరీ కఠినం: 25 శాతం ఆ రోజే, లేదా మరుసటి పనిదినానికల్లా కట్టాలి; మిగతాది సాధారణంగా 15 రోజుల్లో. సరదాకి పాట పెంచి తప్పుకొన్నారా, నిజంగా అవసరమున్న ఇంకొకరి నెత్తిన భారం వేసినట్టే.

ధరావతును ఎవరిదో సొంత యూపీఐ నంబరుకు పంపమన్నారంటే అనుమానించండి. పంపేసి మోసపోయారా, వెంటనే 1930కి ఫోన్ చేయండి.