జీతం జప్తుకు చట్టం గీసిన హద్దు

అప్పు తీరని ఉద్యోగి జీతంలో కొంత భాగాన్ని కోర్టు ఉత్తర్వుతో యజమాని దగ్గరే పట్టి, అప్పిచ్చినవారికి చెల్లించడమే జీతం జప్తు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఈ ముప్పు అప్పు తీసుకున్నవారికే పరిమితం కాదు. చిట్టీ పాడుకున్నవారికి షూరిటీ సంతకం పెట్టిన టీచరుకూ, ఆఫీసు గుమాస్తాకూ ఉంటుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే షరతు లేకపోతే, షూరిటీ బాధ్యత అసలు బాకీదారుతో సమానం.

ప్రామిసరీ నోటు చేతిలో ఉన్నంత మాత్రాన వడ్డీ వ్యాపారి జీతాన్ని ఆపలేడు. దావా వేసి డిక్రీ పొందాలి, ఆపై అమలు కోసం ఈపీ (ఎగ్జిక్యూషన్ పిటిషన్) వేయాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 21వ ఆర్డరులోని 48వ రూలు ప్రభుత్వ ఉద్యోగులకు, 48ఎ ప్రైవేటు ఉద్యోగులకు వర్తిస్తాయి. ఉత్తర్వు అందిన యజమాని నెలనెలా ఆ మొత్తాన్ని కోత కోసి కోర్టుకు పంపాలి.

ఎంత కోయవచ్చో అదే కోడ్ 60వ సెక్షన్ చెబుతుంది. జీతంలో మొదటి 1,000 రూపాయలు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులు జప్తుకు అందవు. లెక్కకొచ్చే జీతం 31,000 అయితే 21,000 ఉద్యోగికే దక్కుతుంది, కోతకు వీలయ్యేది 10,000. ఒకే డిక్రీ కింద మొత్తం 24 నెలలు కోత పడితే, ఆ డిక్రీకి జీతం మళ్లీ దొరకదు. భార్యాబిడ్డల మనోవర్తి డిక్రీలో మాత్రం ఉద్యోగికి మిగిలేది మూడో వంతే.

కూలీల వేతనానికి పూర్తి రక్షణ ఉంది. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీ కూలి, ఇళ్లలో పనిచేసేవారి వేతనం జప్తు చేయకూడదు. ప్రావిడెంట్ ఫండ్, పెన్షన్, గ్రాట్యుటీలకూ రక్షణ ఉంది. పెన్షన్, గ్రాట్యుటీ సొమ్మును ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా మార్చినా ఆ రక్షణ పోదని రాధేశ్యామ్ గుప్తా కేసులో 2008లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఈ మినహాయింపులను వదులుకుంటున్నట్టు అప్పు పత్రంలో రాయించుకున్నా ఆ షరతు చెల్లదు. అయితే ఏటీఎం కార్డు, సంతకం చేసిన ఖాళీ చెక్కులు అప్పగించినవారికి ఈ రక్షణ చేతికి అందదు. కోర్టు మెట్లెక్కకుండానే జీతం చేజారుతుంది. కాబట్టి వాటిని ఎవరికీ ఇవ్వకపోవడమే మొదటి జాగ్రత్త.

సమన్లు వస్తే తప్పక హాజరు కావాలి. హాజరుకాక ఎక్స్‌పార్టీ డిక్రీ పడితే దాన్ని రద్దు చేయమని 30 రోజుల్లో అడగాలి. సమన్లు సరిగా అందకపోతే ఆ గడువు డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి మొదలవుతుంది. పరిమితికి మించి కోత పడితే 47వ సెక్షన్ కింద అభ్యంతరం చెప్పవచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. సూర్యాపేట, కోదాడ వాసులు సూర్యాపేట జిల్లా న్యాయసేవాధికార సంస్థను, మిర్యాలగూడ వాసులు నల్లగొండ సంస్థను ఆశ్రయించవచ్చు. హెల్ప్‌లైన్ నంబరు 15100.

మొదటి 1,000 రూపాయల పరిమితి 1999 సవరణతో వచ్చి, 2002 జూలై 1 నుంచి అమల్లో ఉంది. అప్పటి వెయ్యికి ఇప్పటి వెయ్యి సాటిరాదు. చిన్న జీతగాడి ఇల్లు గడవాలంటే పార్లమెంటు ఈ అంకెను నేటి ధరలకు తగినట్టు పెంచాలి.